ముల్లు తిన్న విరుపు



"పాత గ్రామఫోను ప్లేట్లు వినడానికి క్రొత్త యంత్రం తెప్పించుకొన్నారట గదా, పింఛను డబ్బుతో ఈ వయసులో మీకెందుకండీ ఆ సరదా?" అని ఇద్దరు ముగ్గురు మిత్రులు అడిగారు. ఒక్క మాటలో తేలే సమాధానం కాదది. మా ఇంట్లో దాదాపు ఎనభై యేండ్లుగా ఉన్న ఒక ప్లేటు సంగతి చెప్తే తప్ప తెలియదు. అందులో మా సీమ చరిత్ర కొంత, లోకం చరిత్ర కొంత కలిసి ఉన్నాయి గనుక కొంచెం ఓపికగా చదవమని మనవి.

మాది జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డు పల్లె. మా పెదనాయన 1946లో భూమి వ్యాజ్యం మీద మద్రాసు హైకోర్టుకు పోయి, తీర్పుకు బదులు వాయిదానూ, దానితోపాటు ఒక గ్రామఫోను పెట్టెనూ తీసుకొని వచ్చాడు. మద్రాసు–బొంబాయి రైలు మార్గంలో ముద్దనూరు స్టేషనులో దిగి, అక్కడినుండి ఎడ్లబండిలో వరిగడ్డి పరచి, దానిమీద పెట్టెను పసిబిడ్డను పండుకోబెట్టినట్లు పెట్టుకొని వచ్చాడని మా జేజి చెప్పేది. పెట్టెతోపాటు ఇరువది రెండు ప్లేట్లు. వాటిలో ఆయనకు ప్రాణమైనది కపిలవాయి రామనాథశాస్త్రిగారి పద్యాల ప్లేటు. ఊరికి అప్పటికి కరెంటు రాలేదు. కీ ఇచ్చి తిప్పే పెట్టెకు కరెంటుతో పనిలేదు గదా! రాత్రి భోజనాలయిన తర్వాత అరుగుమీద పెట్టెను పెడితే పై వీధివారు కూడా వచ్చి కూర్చునేవారట.

నేను పుట్టి బుద్ధెరిగేనాటికి ఆ ప్లేటు ఇరవై యేండ్లకు పైగా తిరిగి ఉన్నది. పద్యం మొదటి పాదాలు బాగానే వినిపించేవి. నాలుగవ పాదం దాటి రాగం ఎత్తుకొనేసరికి బుసబుసమనే చప్పుడు తప్ప మరేమీ ఉండేది కాదు. ఆ చప్పుడు వచ్చినపుడు పెదనాయన కండ్లు మూసుకొని, తానే ఆ రాగం అందుకొనేవాడు. ఒకనాడు నేను నవ్వాను. ఆయనకు కోపం రాలేదు.

"ఒరే అబ్బోడా, ఆడ ఒక విరుపు ఉందిరా. పైకి పోయినట్టే పోయి, మళ్ళా కిందికొచ్చి నిలబడతాడు. నేనిన్నా. మీకినపడదు. ముల్లు తినేసింది" అన్నాడు.

ఆ విరుపు నిజంగా ప్లేటులో ఉన్నదా, లేక పెదనాయన తన గొంతుతో కల్పించుకొన్నదా? నలభై యేండ్ల ఉద్యోగంలో వందలమంది పిల్లలకు ఉత్పలమాల గణాలు చెప్పాను గాని, ఈ ప్రశ్నకు మాత్రం నాకు జవాబు దొరకలేదు. క్రొత్త యంత్రం తెప్పించుకొన్నది దీనికోసమే.

ఇక చరిత్రలోకి వద్దాం. ధ్వనిని పట్టి మరల వినిపించే ఫోనోగ్రాఫును ఎడిసన్ 1877లో చేశాడు. అది స్తంభాకారపు గొట్టం. బల్లపరుపు పళ్ళెం మీద గాడి తీసే పద్ధతికి ఎమిల్ బెర్లినర్ 1887లో పేటెంటు పొందాడు. ఒక అచ్చు నుండి వేల ప్రతులు తీయవచ్చును గనుక పళ్ళెమే గెలిచింది. తాటాకు ప్రతికి, అచ్చు పుస్తకానికి ఉన్న తేడా వంటిదే ఇదీ. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ గానాన్ని ముద్రించాడు. ఆమె పాట ముగించి తన పేరు ఇంగ్లీషులో తానే చెప్పేది. ఆ అచ్చులు జర్మనీలోని హానోవర్‌కు పోయి ప్లేట్లుగా తిరిగి వచ్చేవి. అక్కడి పనివారికి ఎవరి పాట ఏదో తెలియాలి గదా! 1908లో కలకత్తా సియాల్దాలో కర్మాగారం వెలిసిన తర్వాత ఆ ప్రయాణం తప్పింది. 1928 ప్రాంతంలో పని డమ్‌డమ్‌కు మారింది.

ప్లేటు దేనితో చేసేవారో తెలిస్తే మన పండితులు ముచ్చటపడతారు. లక్కతో! దుర్యోధనుడు వారణావతంలో ఇల్లు కట్టించిన లక్కయే. ప్రపంచంలోని ప్లేట్లకు కావలసిన లక్కలో అధికభాగం మన దేశపు అడవులలోని చెట్లకొమ్మల నుండే పోయేది. అయితే ప్లేటులో లక్క సుమారు మూడవ వంతు మాత్రమే. తక్కినది మెత్తటి రాతిపొడి, మసి, నూలుపీచు. ఆ రాతిపొడి ఎందుకు కలిపేవారో గమనించాలి. ఉక్కు ముల్లు గాడిలో తిరుగుతున్నపుడు మొదటి చుట్లలోనే ఆ రాతిపొడి దానిని సానబట్టి, గాడి ఆకారానికి తెచ్చేది. అంటే ముల్లు అరగాలి, ప్లేటు నిలవాలి అన్నది వారి ఏర్పాటు. అందుకే ఒక్కొక్క వైపుకు ఒక్కొక్క క్రొత్త ముల్లు వేయమని ముల్లుల డబ్బా మీదనే వ్రాసేవారు. ఒక్కొక్క డబ్బాలో 200 ముల్లులు. 

మా పల్లెలో ఆ నియమం ఎవరు పాటించగలరు? ముల్లు అయిపోతే మళ్ళా ప్రొద్దుటూరుకో, మద్రాసుకో పోయేవారి కోసం కాచుకోవాలి. పెదనాయన ఒక్క ముల్లుతో పది ప్లేట్లు త్రిప్పేవాడు. మొద్దుబారితే ఇసుకరాతి మీద నూరి మళ్ళా వేసేవాడు. నూరిన ముల్లుకు అంచు వస్తుంది. ఆ అంచు ఉలి. పైగా ఆ పాతకాలపు సౌండుబాక్సు బరువు నూరు గ్రాములకు పైమాటే. ఆ బరువంతా ముల్లు కొనమీదనే.

ఇక్కడ ఒక విషాదం దాగి ఉన్నది. ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలకు కొంచెం అటూ ఇటూగా వస్తుంది. ముల్లు బయటి అంచున మొదలై లోపలికి పోతుంది. లోపలి గాడులు చిన్న చుట్లు, అక్కడ ధ్వని మరింత ఇరుకుగా ఉంటుంది. ముల్లు అక్కడికి చేరేసరికి బాగా మొద్దుబారి ఉంటుంది. గాయకుడు గొంతెత్తిన చోట గాడి మెలికలు ఎక్కువ గనుక అరుగుదలా ఎక్కువే. మన పద్యనాటక గాయకుడు గొంతెత్తేది ఎక్కడ? పద్యం చివర, రాగం తీసేచోట! జనం వన్స్‌మోర్ కొట్టేది ఆ చోటికే. అట్లా ఏ భాగంకోసం మనవారు ప్లేటు కొన్నారో ఆ భాగమే అన్నిటికంటె ముందు అరిగిపోయింది.

మా జిల్లావారికి ఈ పద్యాల పిచ్చి ఎట్లా పట్టిందని అడగనక్కరలేదు. 1885లో వనారస వారి కుటుంబం కీచకవధతో నాటకసమాజానికి శ్రీకారం చుట్టిన సురభి గ్రామం మా కడప జిల్లాలోనిదే. నేడది పులివెందుల నియోజకవర్గంలోని చక్రాయపేట మండలంలో ఉన్నది. బళ్ళారి రాఘవ 1880లో పుట్టిన తాడిపత్రి మా జమ్మలమడుగుకు పొరుగే. తిరునాళ్ళలో రాత్రంతా నాటకం, తెల్లవారి చేలలో అవే పద్యాలు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగవిజయాలు చదువురాని కాపులకు కూడా నోటికి వచ్చేవి. రంగస్థలం మీద ఒక పద్యానికి పది నిమిషాలు రాగం తీసిన నటుడు, ప్లేటుకోసం దానిని మూడు నిమిషాలలో ఇమడ్చవలసి వచ్చింది. నలుగురు నవ్వినా సరే, ప్లేటు మన పద్యగానానికి ఒక విధమైన ఛందస్సు అయిందని నేనంటాను. గణాలకు లోబడి పద్యం చెప్పినట్లే, మూడు నిమిషాలకు లోబడి రాగం చెప్పారు. 

ఇరవైయవ శతాబ్ది నడిమికి ప్లేట్ల దారి మళ్ళింది. మళ్ళించినవారిలో మావారూ ఉన్నారు! బి.ఎన్. రెడ్డిగారిది పులివెందుల తాలూకా. ఆయన స్వర్గసీమ (1945), మల్లీశ్వరి (1951) పాటల ప్లేట్లు ఇంటింటా తిరిగాయి. ఆ తాలూకాలోని సింహాద్రిపురంలోనే 1931లో పుట్టిన నటుడు పద్మనాభం, తాను నిర్మించిన శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న (1967) ద్వారా ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యాన్ని సినిమాకు పరిచయం చేశారు. పద్యాల ప్లేట్లు మెల్లగా అటకలెక్కాయి. పాశ్చాత్య దేశాలలో 1948లో ఎల్పీ, 1949లో 45 చుట్ల ప్లేటు వచ్చి లక్కప్లేటును వెనక్కు నెట్టాయి. మన దేశంలో మాత్రం కరెంటులేని ఊళ్ళ పుణ్యమా అని 1960ల దాకా 78 చుట్ల ప్లేట్లు వస్తూనే ఉన్నాయి. బీటిల్స్ పాటలు సైతం ఇక్కడ లక్కప్లేట్లుగా వెలువడ్డాయంటే విదేశీ సేకర్తలు నేటికీ ఆశ్చర్యపోతారు.

ఇప్పుడు నా అపరాధాలు చెప్పుకోవాలి. 1983లో నాకు ఉద్యోగం వచ్చిన తర్వాత ప్రొద్దుటూరులో ఎవరో అమ్ముతుంటే ఒక పాత హెచ్.ఎం.వి. ఫియెస్టా పెట్టె కొన్నాను. పెదనాయన ప్లేట్లను కరెంటు మీద వినిపిస్తే ఆయన సంతోషిస్తాడని ఆశ. అటువంటి పెట్టెలలో ముల్లు రెండు కొనలది. ఒకటి లక్కప్లేటుకు, ఒకటి ఎల్పీకి. మీట త్రిప్పాలి. నాకది తెలియదు. ఎల్పీ ముల్లుతోనే ఆరు నెలలు వినిపించాను. విశాలమైన గాడిలో ఆ సన్నని ముల్లు గోడలను అంటుకోక, అడుగుకు జారి అక్కడి దుమ్మును గీకుతూ ఉండినది. "కరెంటు పెట్టె కంటే కీ పెట్టే నయం గదరా" అన్నాడు పెదనాయన. ఆ తర్వాత ప్లేట్లకు మురికి పట్టిందని దూదితో స్పిరిటు పెట్టి తుడిచాను. లక్క స్పిరిటులో కరుగుతుందన్న సంగతి వడ్రంగి పాలిషు వేసే ఏ పిల్లవానిని అడిగినా చెప్పేవాడు. ఒక ప్లేటు సగం నా చేతిలోనే బూడిదరంగుకు తిరిగింది. అదృష్టవశాత్తు అది కపిలవాయి వారిది కాదు. 1986లో పెదనాయన పోయాడు. ప్లేట్లను గోనెసంచిలో చుట్టి అటకెక్కించాను.

మూడేండ్ల క్రిందట నా పూర్వవిద్యార్థి ఒకడు అమెరికా నుండి వచ్చి పలకరించాడు. అతనికి పాత జాజ్ ప్లేట్ల మీద మోజు. మాటల్లో నా ప్లేట్ల సంగతి చెప్పాను. "సార్, మీ పద్యాలకూ మా జాజ్‌కూ జబ్బు ఒకటే" అన్నాడు. జాజ్ అన్నది అమెరికాలో నల్లజాతివారు పెంచిన సంగీతం. తొలి జాజ్ ప్లేటు 1917లో వచ్చింది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1925–28 నడుమ ఇచ్చిన ప్లేట్లు ఆ సంగీతానికి కావ్యాల వంటివట. పాటను ఆధారంగా పెట్టుకొని అప్పటికప్పుడు అల్లుకొంటూ పోవడం వారి విద్య. మన నటుని రాగం వంటిదే గదా! వారికీ మూడు నిమిషాలే. వారి ప్లేట్లలోనూ బాకా పైస్థాయికి పోయిన చోటే గాడి అరిగి ఉంటుందట. టెడ్డీ వెదర్‌ఫర్డ్ అనే నల్లజాతి పియానో విద్వాంసుడు రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కలకత్తాలో వాయిస్తూ, అక్కడే కొలంబియాకు ప్లేట్లు ఇచ్చి, 1945లో అక్కడే కన్నుమూశాడని కూడా చెప్పాడు. మన పద్యాలకూ ఆయన పియానోకూ కలకత్తా పుట్టిల్లు అన్నమాట.

జాజ్ సేకర్తలు ఏం చేస్తారో అతడే నేర్పాడు. నేను చేసిన మార్పులు ఇవి.

మొదటిది యంత్రం. ఇప్పటి టర్న్‌టేబుళ్ళలో చాలావాటికి 33, 45 చుట్లే తప్ప 78 లేదు. ఉన్నవి వెదకి ఆడియో టెక్నికా ఎల్పీ 120 ఎక్స్ తెప్పించాను. వేగం ఎందుకంత ముఖ్యమంటే, సుమారు 6 శాతం వేగం పెరిగితే శ్రుతి ఒక స్వరస్థానం పైకి పోతుంది. కీ సడలిన పెట్టెలో గాయకుని గొంతు గంభీరంగా మారడం మనకు తెలిసిందే. వేగం సరిచూడడానికి ఒక చిత్రమైన ఉపాయం ఉన్నది. అంచు చుట్టూ 77 గీతలున్న కాగితపు చక్రాన్ని ప్లేటు మీద పెట్టి, చోకు ఉన్న పాత ట్యూబులైటు క్రింద త్రిప్పాలి. మన కరెంటు 50 సైకిళ్ళది గనుక ఆ దీపం సెకనుకు 100 మార్లు మిణుకుతుంది. చక్రం నిమిషానికి 77.92 చుట్లు తిరిగినపుడు గీతలు కదలక నిలిచినట్లు కనిపిస్తాయి. ఎల్.ఇ.డి. దీపాలలో పెక్కింటి క్రింద ఈ విద్య పనిచేయదు. మా ఇంట్లో పాత ట్యూబులైటు ఒకటి మిగిలి ఉండడం ఇన్నాళ్ళకు కలిసివచ్చింది.

రెండవది ముల్లు. ఎల్పీ ముల్లు కొన వ్యాసార్ధం అంగుళంలో పదివేలవంతులు ఏడు. లక్కప్లేటుకు కావలసింది ముప్పై. అంటే నాలుగింతలకు పైగా లావు. అటువంటి వజ్రపు ముల్లు అదే సంస్థ అమ్ముతున్నది. దాని బరువు సుమారు 5 గ్రాములు ఉండాలి. పెదనాయన సౌండుబాక్సు నూరు గ్రాములతో పోల్చి చూడండి! ఆ 5 గ్రాములు తూచడానికి ప్రొద్దుటూరులో ఉండేవానికి దిగులేమిటి? బంగారు అంగడికి పోయి, మా పాత శిష్యుని కాటా ఒక పూట అరువడిగాను. "అయ్యవారూ, బంగారం తూచే కాటాలో ముల్లు తూకమా?" అని అతడు నవ్వి, తానే ఇంటికి తెచ్చి తూచి పెట్టాడు. 

మూడవది స్వరాల పాళ్ళు. 1954 తర్వాత ఎల్పీలకు ఒక ప్రమాణం ఏర్పడింది. ముద్రించేటపుడు పైస్వరాలను పెంచి, వినిపించేటపుడు తగ్గిస్తారు. పాత ప్లేట్లలో ఆ పెంపు లేదు. ఎల్పీకోసం చేసిన ఆంప్లిఫయరులో వాటిని వింటే, లేని పెంపును తగ్గించడం వల్ల గొంతు దుప్పటి కప్పుకొన్నట్లుంటుంది. ఆ తగ్గింపును కంప్యూటరులో వెనక్కు త్రిప్పాము. పాత ప్లేటు ఏకధ్వని గనుక రెండు చానళ్ళను ఒకటిగా కలిపాము. దానితో గాడిలోని నిలువు చప్పుళ్ళు చాలావరకు ఒకదానినొకటి కొట్టివేసుకొన్నాయి.

స్పిరిటు జోలికి పోకుండా డిస్టిల్డ్ వాటరుతో తుడిచి ఆరబెట్టి, కపిలవాయి వారి ప్లేటు పెట్టాను. మొదటి మూడు పాదాలు విని నా కండ్లు చెమర్చాయి. యతి స్థానంలో ఆయన తీసుకొనే ఊపిరి వినిపించింది. హార్మోనియం మెట్ల చప్పుడు వినిపించింది. నాలుగవ పాదం దాటింది. రాగం మొదలయింది. మళ్ళీ అదే బుస.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఫోనులో చెప్తే శిష్యుడు నిరాశపడలేదు. "సార్, పెదనాయనగారి ముల్లు గాడి గోడను ఒక ఎత్తులోనే తినింది. దానికి పైన గోడ మిగిలి ఉండవచ్చు" అన్నాడు. ఇంకొంచెం లావు ముల్లు, అంటే ముప్పై అయిదు పదివేలవంతులది, ప్రత్యేకంగా చేయించి పంపాడు. లావు ముల్లు గాడిలోకి అంత లోతుగా దిగదు. అరగని పైగోడను అంటుకొని నడుస్తుంది. జాజ్ సేకర్తలు ఒక్కొక్క ప్లేటుకు రెండు మూడు ముల్లులు మార్చి చూసేది ఇందుకేనట.

రెండు నెలల తర్వాత ఆ ముల్లు చేరింది. మళ్ళా కాటా, మళ్ళా ట్యూబులైటు. బుస ఉన్నది. పూర్తిగా పోలేదు, పోదు కూడా. అయితే దాని వెనుక, చెరువు అవతలి గట్టున ఎవరో పాడుతున్నట్లు, రాగం వినిపించింది. పైకి పోయింది. పోయినట్లే పోయి, ఒక చిన్న విరుపుతో క్రిందికి వచ్చి నిలిచింది. హార్మోనియం ఒక్క క్షణం వెనుకబడి అందుకొన్నది.

పెదనాయన పాడినది అక్షరాలా అదే. ఆయన శ్రుతి కొంచెం తక్కువ, అంతే. అది ఆ పెట్టెలోని కీ సడలిన పాపం.

చిన్ననాడు నేను నవ్విన నవ్వుకు క్షమాపణ చెప్పుకొనేందుకు ఇప్పుడు మనిషి లేడు. ఒక్క సంగతి మాత్రం బోధపడింది. ప్లేటు అరిగిన ఇరవై యేండ్లూ ఆ విరుపును నిలిపి ఉంచింది ఆయన గొంతు. దానికి సాక్ష్యం చెప్పడానికే ఇప్పుడు యంత్రం కావలసి వచ్చింది. తాళపత్రంలో శిథిలమైన పాదాన్ని, పారాయణ చేసే ముసలాయన నోటినుండి వ్రాసుకొన్న పరిష్కర్తలు మన సాహిత్యంలో ఎందరో. అటువంటి మౌఖిక పాఠం మా అరుగుమీదనే కూర్చుండగా నేను నమ్మలేదు, అదీ తెలుగు పండితుణ్ణి అయి ఉండి.

ఆ ప్లేటును మూడు మార్లు మాత్రమే త్రిప్పి, కంప్యూటరులో భద్రపరచి, సంచిలో నిలువుగా పెట్టాను. పండుకోబెట్టి ఒకదానిమీద ఒకటి పేరిస్తే లక్కప్లేట్లు పగులుతాయి. తక్కిన వాటి పని సాగుతున్నది.

మిత్రులారా, మీ ఇండ్ల అటకల మీద ఇటువంటివి ఉంటే దయచేసి స్పిరిటుతో తుడవకండి. అలంకారానికి దొరికే ఇత్తడి బూర పెట్టెల మీద పాత ముల్లుతో త్రిప్పకండి. అంతకంటె ముందు, ఆ ప్లేట్లు క్రొత్తగా ఉన్ననాడు విన్న పెద్దలు ఎవరైనా ఇంట్లో మిగిలి ఉంటే, అరిగిన చోట ఏముండేదో ఒక్కమారు పాడించుకొనండి. నవ్వకండి.

స్వస్తి.